శివారు చేనికి నీరందుతోందా?

తెల్లవారుజామున అయిదు కొట్టకముందే మండపేటలో మా దొడ్డమ్మ వంటింట్లో దీపం వెలిగేది. ఫిల్టర్లో డికాషన్ దిగుతుండగానే అలమారలోంచి మందుల డబ్బా తీసేది. థైరాయిడ్ బిళ్ళ నాలుక మీద పెట్టుకుని పొగలు కక్కే కాఫీతో మింగేది. పది నిమిషాలు తిరక్కుండా కాల్షియం బిళ్ళ, దాని వెంట గ్యాస్ బిళ్ళ. "అన్నీ ఒక్కసారే అయిపోతే మళ్ళీ మర్చిపోయే గొడవుండదే" అనేది. ఆరేళ్ళుగా ఒక్కరోజు తప్పలేదు.

ఆ ఆరేళ్ళలో బిళ్ళ 50 నుంచి 75కి, 75 నుంచి 100కి, అక్కణ్ణుంచి 125 మైక్రోగ్రాములకి పెరిగింది. ఆవిడ నీరసం మాత్రం ఉన్నచోటే ఉంది. "మందు పెరుగుతోంది కానీ ఒళ్ళు లేవట్లేదే అమ్మాయ్. చీపురు పట్టుకుంటే చేతులు పీకుతున్నాయి. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది జుట్టు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నన్ను నేనే మంచం మీదకి మోసుకుపోతున్నట్టుంటోంది." టీఎస్‌హెచ్ పరీక్షలో ప్రతిసారీ ఏడో ఎనిమిదో వచ్చేది. ఎక్కువమంది పెద్దవాళ్ళకి అది 0.4కీ 4కీ మధ్య ఉండాలి.

మా పెదనాన్న ఇరిగేషన్‌లో లస్కరుగా చేసి రిటైరయ్యారు. కాలవ గట్టు మీదే ముప్ఫై ఏళ్ళు గడిపిన మనిషి. నేను దొడ్డమ్మ రిపోర్టులన్నీ వరసగా పెట్టుకుని చూస్తుంటే, వాలుకుర్చీలోంచి ఆయన ఓ మాటన్నారు. "హెడ్డులో తలుపు ఎంతెత్తితే ఏంటమ్మా, మధ్యలో తూడూ గుర్రపుడెక్కా పట్టేస్తే శివారుకి చుక్క దిగదు. శివారోళ్ళు గోల పెడతారు. పైవాళ్ళు ఇంకో జానెడు ఎత్తుతారు. తూడు తీయించేవాడే ఉండడు."

ఆయన నీళ్ళ సంగతే చెప్పారు. నాకు మాత్రం దొడ్డమ్మ కాఫీ గ్లాసు కనపడింది.

కేక ఎవరిది?

2013లో అచ్చయిన ఎనిమిది నగరాల పరిశీలనలో, హైదరాబాద్ కూడా అందులో ఒకటి, పెద్దవాళ్ళలో నూటికి దాదాపు 11 మందికి థైరాయిడ్ తక్కువగా పనిచేస్తోందని తేలింది. గోదావరి జిల్లాల్లో ఏ వీధిలో అడిగినా ఇద్దరు ముగ్గురు "నాకూ థైరాయిడ్ ఉందండీ" అంటారు. చాలామందికి బిళ్ళ మొదలెట్టిన కొన్ని నెలల్లో ఒళ్ళు తేలికపడుతుంది. ఈ అధ్యాయం మిగిలినవాళ్ళ కోసం. క్రమం తప్పకుండా వేసుకుంటున్నా బాగుండనివాళ్ళు, "రిపోర్టు నార్మల్‌గానే ఉందిగా, ఇంకేంటమ్మా" అనిపించుకుని ఇంటికొచ్చి మంచమెక్కినవాళ్ళు. మీ నీరసం నిజం. అది ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకాలి.

ముందు టీఎస్‌హెచ్ అంటే ఏంటో తెలియాలి. మెదడు అడుగున పిట్యూటరీ అని శనగగింజంత గ్రంథి ఉంటుంది. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గిందని దానికి అనిపిస్తే, ఇంకా కావాలని కేక పెడుతుంది. ఆ కేకే టీఎస్‌హెచ్. హార్మోను కాస్త తగ్గితే చాలు, కేక ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే డాక్టర్లు దాన్ని నమ్ముతారు. కేక పెరిగిందంటే శివారుకి నీరు చాలట్లేదన్నమాట. ఎందుకు చాలట్లేదో మాత్రం ఆ కేక చెప్పదు. హెడ్డులో నీళ్ళు తక్కువ వదిలారో, మధ్యలో కాలవ పూడిందో రిపోర్టులోని అంకెకి తెలీదు. ఆ రెండో సంగతి డాక్టరుగారికి చెప్పగలిగేది మీరే.

తూడు తీయడం

ఈ బిళ్ళలో ఉండే మందు పేరు లెవోథైరాక్సిన్. డబ్బా మీద థైరోనార్మ్ అని ఉన్నా, ఎల్‌ట్రాక్సిన్ అని ఉన్నా లోపలిది అదే. మింగిన దాంట్లో సుమారు 60 నుంచి 80 శాతమే చిన్నపేగులోంచి రక్తంలోకి చేరుతుంది, అదీ పరగడుపున అయితే. కడుపులో ఇంకేమైనా ఉంటే ఆ వాటా పడిపోతుంది. మోతాదు మైక్రోగ్రాముల్లో ఉండే మందు కాబట్టి కాస్త పడిపోయినా తేడా తెలుస్తుంది.

మన ప్రాంతంలో మొదటి అడ్డం కాఫీ. లేవగానే నోట్లో కాఫీ పడకపోతే పని మొదలవదు మనకి. బిళ్ళ మామూలు మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట, కాఫీ గానీ టీ గానీ పాలు గానీ ముట్టకూడదు. టిఫినూ అంతే.

కాల్షియం, ఐరన్ ఈ బిళ్ళకి గట్టి శత్రువులు. పేగులో మందుని పట్టేసుకుని రక్తంలోకి పోనివ్వవు. మధ్యలో నాలుగు గంటలు ఎడం ఉండాలి. నలభై దాటిన ఆడవాళ్ళకి ఎముకల కోసం కాల్షియం, గర్భిణులకి ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఐరన్ ఫోలిక్ బిళ్ళలు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. బలానికని షాపులో కొనుక్కునే మల్టీవిటమిన్‌లో కూడా ఈ రెండూ ఉంటాయని చాలామందికి తెలీదు, డబ్బా వెనక చదివితే కనపడతాయి. వీటిని మధ్యాహ్నం భోజనం తరవాతకో రాత్రికో మార్చుకుంటే సరిపోతుంది.

గ్యాస్ బిళ్ళ సంగతి వేరు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి కడుపులో ఆమ్లాన్ని రోజంతా తగ్గిస్తాయి. థైరాయిడ్ బిళ్ళ సరిగా కరగాలంటే ఆ ఆమ్లం కావాలి. కాబట్టి ఎడం పాటిస్తే తీరే ఇబ్బంది కాదిది. ఎప్పుడో పెళ్ళి భోజనాల తరవాత వచ్చిన మంటకి రాసిన గ్యాస్ బిళ్ళ మూడేళ్ళుగా నడుస్తోందేమో చూసుకోండి. ఇంకా అవసరమా అని డాక్టరుని అడగండి. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మందు వాడుతున్నవాళ్ళకి కడుపు కాపాడటానికే దాన్ని రాసి ఉండొచ్చు, వాళ్ళు సొంతంగా మానకూడదు.

పొద్దున్నే ఇన్ని నియమాలు కుదరనివాళ్ళకి ఇంకో దారి ఉంది. రాత్రి భోజనమై మూడు గంటలు గడిచాక, పడుకోబోయే ముందు వేసుకోవచ్చు. నెదర్లాండ్స్‌లో చేసి 2010లో ప్రచురించిన పరీక్షలో, రాత్రి వేసుకున్నప్పుడు రక్తంలో హార్మోను స్థాయిలు పొద్దుటికన్నా మెరుగ్గా ఉన్నాయి. ఎనిమిదింటికే భోంచేసే ఇళ్ళలో ఇది కుదురుతుంది. పదకొండింటికి తినే వ్యాపారస్తుల ఇళ్ళలో కుదరదు.

ఇవన్నీ సరిచేసుకున్నా మందు పట్టకపోతే పేగునే అనుమానించాలి. తిన్నది ఒంటికి పట్టకపోవడం ఎంత పని చేస్తుందో గోదావరి వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి అన్నదమ్ములిద్దరిని పొట్టన పెట్టుకున్నది స్ప్రూ, అంటే పేగు పీల్చుకునే శక్తి పోయే జబ్బు. తరవాత అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అదే స్ప్రూకి మందైంది. థైరాయిడ్ బిళ్ళ విషయంలో ఈ రోజు డాక్టర్లు చూసేవి కడుపులో హెచ్. పైలోరీ అనే క్రిమి, కడుపు లోపలి పొర పలచబడిపోవడం, గోధుమ పడని సీలియాక్ జబ్బు. ఇక్కడ ఒక లెక్క పనికొస్తుంది. థైరాయిడ్ పూర్తిగా పనిచేయని పెద్దమనిషికైనా కిలో బరువుకి సుమారు 1.6 మైక్రోగ్రాములు చాలు. మా దొడ్డమ్మ 62 కిలోలు, అంటే వందకి అటూ ఇటూ. ఆవిడకి 125 కూడా చాలట్లేదంటే మందు ఎక్కడో దారిలో పోతోందని మేం ముందే అనుకోవాల్సింది.

కాలవ శుభ్రమయ్యాక

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను, ఎందుకంటే ఈ అధ్యాయం చదివి మీరూ అదే చేసే అవకాశముంది.

దొడ్డమ్మకి దగ్గరుండి అలవాటు మార్పించాను. లేవగానే నీళ్ళతో బిళ్ళ, గంట తరవాత కాఫీ, మధ్యాహ్నం కాల్షియం. ఆవిడ గ్యాస్ బిళ్ళ అక్కర్లేదని డాక్టరుగారే మాన్పించారు. థైరాయిడ్ బిళ్ళ వేసుకునే పద్ధతి మారిందని మాత్రం మేం ఆయనకి చెప్పలేదు. మంచి పనే కదా, చెప్పడానికేముందనుకున్నాను. ఆరో వారంలో అర్ధరాత్రి ఫోనొచ్చింది. "గుండె దడదడలాడుతోందే. చేతులు వణుకుతున్నాయి. నాలుగు రోజులై కన్ను మూతపడలేదు." ఆ రాత్రి నేను పడ్డ భయం ఇప్పటికీ గుర్తుంది. పొద్దున్నే ఆస్పత్రికి తీసికెళ్ళారు. ఈసీజీ తీశారు, అదృష్టవశాత్తూ లయ తప్పలేదు. టీఎస్‌హెచ్ 0.08కి పడిపోయి ఉంది.

తూడు తీసేశాం, పైన ఎత్తిన తలుపు దించలేదు. చేను మునిగింది.

కాఫీతో మింగినంత కాలం 125లో సగం పట్టీ పట్టకా పోయింది. పూర్తిగా పట్టేసరికి అదే 125 ఆవిడకి ఎక్కువైపోయింది. టీఎస్‌హెచ్ 0.1 కన్నా కింద చాలాకాలం ఉంటే పెద్దవయసులో గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది, ముట్లుడిగిన ఆడవాళ్ళలో ఎముకలు గుల్లబారతాయి. ఎక్కువ మందు అంటే ఎక్కువ ఓపిక అనుకోవడం ఎంత ప్రమాదమో నాకు ఆ రాత్రి అర్థమైంది. అందుచేత బిళ్ళ వేసుకునే వేళ మార్చినా, దాంతో పాటు వేసుకునే మందు మానినా, కొత్తది మొదలెట్టినా అది మోతాదు మార్పుతో సమానం అనుకోండి. డాక్టరుకి చెప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ రక్తం పరీక్ష చేయించుకోండి. షాపువాడు "ఆ కంపెనీది లేదండి, ఇదీ అదే" అని వేరే డబ్బా ఇచ్చినా అంతే.

ఆరు వారాలే ఎందుకంటే, ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు వారం పడుతుంది. కొత్త మోతాదు రక్తంలో నిలకడగా కుదురుకోవడానికి అయిదారు వారాలు కావాలి. పదిరోజులకే పరీక్ష చేయించి మళ్ళీ మోతాదు మార్పిస్తే గుంటలో నీళ్ళు తేటపడకుండానే కలిపినట్టవుతుంది. మార్పు కూడా 12.5 లేదా 25 మైక్రోగ్రాముల చొప్పునే జరగాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి ఇంకా నెమ్మదిగా.

పరీక్షకి వెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఒకే ల్యాబుకి, ఒకే వేళకి వెళ్ళండి. ఆ పూట బిళ్ళ రక్తమిచ్చాక వేసుకోండి. జుట్టు రాలుతోందని బయోటిన్ బిళ్ళలు వాడేవాళ్ళు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. కొన్ని యంత్రాల్లో బయోటిన్ వల్ల టీఎస్‌హెచ్ లేనంత తక్కువగా చూపిస్తుంది. ఆ అంకె నమ్మి మోతాదు తగ్గిస్తే, అసలే రాలుతున్న జుట్టు ఇంకా రాలుతుంది.

అంకె బాగుండి మనిషి బాగుండనప్పుడు

టీఎస్‌హెచ్ నార్మల్‌కి వచ్చాక కూడా నూటికి అయిదు నుంచి పదిమందికి బాగుండదని వైద్యులే ఒప్పుకుంటారు. అలాంటప్పుడు ఇంకో 25 పెంచమని అడగాలనిపిస్తుంది. దానికన్నా ముందు వెతకాల్సినవి ఉన్నాయి.

మన రాష్ట్రంలో అన్నిటికన్నా ముందు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువ. ఆయాసం, నీరసం, జుట్టు రాలడం, కాళ్ళు పీకడం అన్నీ రక్తహీనతలోనూ ఉంటాయి. ఇల్లంతా తిన్నాక మిగిలిందే తినే ఆడవాళ్ళకి థైరాయిడ్ బిళ్ళ ఎంత పెంచినా ఏం లాభం? హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ కూడా చూపించుకోండి, ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో అది చెప్తుంది. శాకాహారులూ, షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళూ బి12 చూపించుకోవాలి. తిమ్మిర్లూ మతిమరుపూ ఉంటే మరీను. షుగరు, విటమిన్ డి, ముట్లుడిగే వయసులో వచ్చే నిద్రలేమి, మనసులో గూడు కట్టుకున్న దిగులు, రాత్రి గురకలో ఊపిరి ఆగి ఆగి రావడం, ఇవన్నీ థైరాయిడ్ వేషంలోనే వస్తాయి. దిగులు సంగతి డాక్టరుతో చెప్పుకోవడానికి మొహమాటపడకండి.

బరువు గురించి ఓ మాట. థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి అయిదు కిలోలే, అందులోనూ ఎక్కువ ఒంట్లో నిలిచిన ఉప్పూ నీరే. పదిహేను కిలోలు తగ్గడానికని బిళ్ళ పెంచుకోవడం గుండెతో ఆడుకోవడమే. క్యాబేజీ, కాలీఫ్లవర్ భయం కూడా వదిలెయ్యండి. ఉడికించి మామూలుగా తింటే బిళ్ళ వేసుకునేవాళ్ళకి వచ్చే నష్టమేమీ లేదు.

అరుదైనదే అయినా ఒకటి చెప్పి తీరాలి. కాన్పులో విపరీతంగా రక్తం పోయి, తరవాత పాలు పడక, నెలసరి మళ్ళీ రాక, అప్పట్నుంచీ మనిషి వాడిపోయి ఉంటే, ఎన్నేళ్ళయినా సరే ఆ కాన్పు సంగతి డాక్టరుకి చెప్పండి. పిట్యూటరీయే దెబ్బతిని ఉండొచ్చు. దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. కేక పెట్టే గ్రంథే మూగబోయింది కాబట్టి టీఎస్‌హెచ్ నార్మల్‌గా కనిపించినా లోపల హార్మోను ఉండదు. ఫ్రీ టీ4, కార్టిసాల్ చూడాలి. కార్టిసాల్ తక్కువగా ఉంటే దాన్ని ముందు సరిదిద్దకుండా థైరాయిడ్ బిళ్ళ ఇస్తే ప్రాణం మీదకొస్తుంది. పాతికేళ్ళనాటి కాన్పు గురించి ఇప్పుడెందుకని మన పెద్దవాళ్ళు చెప్పరు. పక్కనున్న మీరైనా చెప్పండి.

ఇవన్నీ అయ్యాక టీ3 మాట. మనం మింగే టీ4ని ఒళ్ళు టీ3గా మార్చుకుంటుంది, కణాల్లో పనిచేసేది అదే. కొందరిలో ఆ మార్పు సరిగా జరగట్లేదేమోనని రెండూ కలిపి ఇచ్చి చూశారు. 1999లో ఒక చిన్న పరీక్ష ఆశ పుట్టించింది, తరవాత వచ్చిన చాలా పరీక్షలు దాన్ని నిలబెట్టలేదు. అయినా కొందరికి ఎండోక్రైనాలజిస్టులు కొన్ని నెలలు జాగ్రత్తగా వాడి చూస్తారు. గర్భిణులకీ, గుండె లయ సరిగా లేనివాళ్ళకీ కాదు. ఊళ్ళో ఇంజెక్షన్లిచ్చేవాళ్ళ సలహా మీద మొదలెట్టాల్సిన మందు అసలే కాదు.

బిళ్ళ వాడుతున్న ఆడపిల్ల నెల తప్పిందని తెలిస్తే తరవాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆ వారంలోనే డాక్టరుకి చెప్పాలి. మొదటి వారాల నుంచే మందు అవసరం పాతిక శాతమో ఇంకా ఎక్కువో పెరుగుతుంది. బిడ్డ మెదడు అప్పటికి తల్లి హార్మోను మీదే ఆధారపడి ఉంటుంది.

డాక్టరుగారి దగ్గర దొరికేది అయిదు నిమిషాలు. రాజమండ్రి అయినా, కాకినాడ అయినా, అమలాపురం అయినా బయట బెంచీ మీద నలభైమంది ఉంటారు. అందుకని కాగితం పట్టుకెళ్ళండి. బిళ్ళ ఎన్నింటికి, దేంతో వేసుకుంటున్నారో రాయండి. వాడే మిగతా మందులన్నీ వేళలతో సహా రాయండి, ఆయుర్వేదమైనా హోమియో అయినా దాచకుండా. పాత టీఎస్‌హెచ్‌లు తేదీల వారీగా, ఏ మోతాదు మీద వచ్చాయో పక్కన రాయండి. నెలలో ఎన్ని బిళ్ళలు మిగిలాయో నిజం రాయండి. వారానికి రెండు తప్పుతున్నాయంటే ఆ ఒక్క మాటతోనే విషయం తేలిపోవచ్చు.

మన వాతావరణం గురించి కూడా ఆలోచించాలి. మే నెలలో రాజమండ్రిలో ఎండ 45 డిగ్రీలకి చేరుతుంది. ఈ మందు వేడికీ, వెలుతురుకీ, చెమ్మకీ పాడవుతుంది. పొయ్యి పైన గూట్లో, కిటికీ పక్కన, ఫ్రిజ్ నెత్తిన పెట్టకండి. వచ్చిన డబ్బాలోనే మూత బిగించి చల్లని గదిలో ఉంచండి. లంక గ్రామాల వాళ్ళు జులై వచ్చేసరికి కనీసం నెలకి సరిపడా దగ్గర పెట్టుకోవాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చినప్పుడు రోజుల తరబడి పడవ తప్ప దారి లేని ఊళ్ళున్నాయి. అలాంటప్పుడు రెండు మూడు రోజులు బిళ్ళ అందకపోయినా గాబరా పడక్కర్లేదు, ఒంట్లో నిల్వ ఉంటుంది. దొరికాక మామూలు మోతాదు మొదలెట్టండి. తప్పినవన్నీ కలిపి ఒకేసారి మింగకండి.

దొడ్డమ్మకి 125 నుంచి 100కి దించారు. ఎనిమిది వారాలకి 0.3 వచ్చింది. 88కి దించాక 1.9 దగ్గర నిలిచింది. దడ పోయింది, నిద్ర వచ్చింది. నీరసం మాత్రం పూర్తిగా పోలేదు. ఫెరిటిన్ చూస్తే అట్టడుగున ఉంది. మూడు నెలలు రాత్రిపూట ఐరన్ వేసుకున్నాక ఓ ఆదివారం ఫోన్ చేసి, "ఇవాళ పొద్దున్నే గుమ్మడిపండు చెక్కు నేనే కోశానే, చేతులు పీకలేదు" అంది.

ఇప్పుడు ఆవిడ లేవగానే గ్లాసుడు నీళ్ళతో బిళ్ళ వేసుకుని వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేస్తుంది. అన్నీ అయ్యేసరికి ముప్పావుగంట పడుతుంది. ఈలోగా పెదనాన్న లేచి డికాషన్ దించుతారు. ముగ్గు పూర్తికాకుండా కాఫీ అడిగితే ఇవ్వరు.